తాడు పట్టినవారి మాట

2024 డిసెంబరు 8, ఆదివారం, ఉదయం ఆరు గంటల పదిహేను నిమిషాలకు నేను అలివి వల తాడును మొదటిసారి చేత పట్టుకున్నాను. అల్లవరం మండలంలో, సముద్రపు ఒడ్డున ఉన్న పల్లెలో పుట్టి పెరిగిన మనిషికి ఇది చాలా ఆలస్యంగా జరిగిన సంగతి. అప్పటికి నా వయసు ముప్ఫై దాటింది. డిగ్రీ, ఆపైన బి.ఇడి. పూర్తిచేసి, దగ్గరలోని ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. తాడు పట్టకుండా పెరిగిన మొదటి మనిషిని కూడా నేనే.

అందుకు కారణం మా అమ్మ. తాడు పట్టిన చెయ్యి కలం పట్టదని ఆమె గట్టి నమ్మకం. ఊరంతా వల లాగుతున్నప్పుడు నన్ను సరుగుడు చెట్ల కింద పుస్తకంతో కూర్చోబెట్టేది. ఒకవేళ నేను లేచి తాడు దగ్గరకు వస్తే, భుజం మీది తడి తువ్వాలు తీసి అదిలించేది. మా ఊళ్ళో ఆడవాళ్ళు కూడా మగవాళ్ళతో సమానంగా తాడు పడతారు; అమ్మ అయితే ముందు వరుసలో ఉంటుంది. ఆమె అరచేతులు ఎండిన కొబ్బరి డొక్కల్లా ఉండేవి. ఆ చేతులతోనే నా జడ వేసేది.

అలివి వల సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఇది పడవలో కూర్చుని వేసి, పడవలోకే లాక్కునే వల కాదు. దీని తాడు కొస ఒకటి ఒడ్డున ఉంటుంది. పడవ మిగిలిన తాడునూ వలనూ వేసుకుంటూ సముద్రంలోకి పోయి, పెద్ద అర్ధచంద్రంలా చుట్టి, రెండో తాడు కొసను దూరంగా మళ్ళీ ఒడ్డుకు తెస్తుంది. అక్కడి నుంచి పని అంతా నేల మీదనే. రెండు గుంపులు రెండు తాళ్ళూ పట్టుకుని వెనక్కి నడుస్తూ, నడుస్తూనే ఒకదానికొకటి దగ్గరవుతాయి. రెండు గుంపులు కలిసే చోటికి వల సంచి వస్తుంది. మా అమ్మమ్మ కాలంలో ఆ తాళ్ళు కొబ్బరి పీచువి, ఊళ్ళోనే పేనుకునేవారు. ఇప్పుడు నైలాను తాళ్ళు వచ్చాయి. లాగే మనుషులు మాత్రం మనుషులే కావాలి, రెండు వైపులా కలిపి ముప్ఫై మందికి తక్కువ కాకుండా.

వల ఒడ్డుకు చేరాక జరిగే పద్ధతి ఒకటుంది. మేం వల పెద్ద అని పిలిచే వల యజమాని తెడ్డుతో ఇసుకలో ఒక గుండ్రటి గీత గీస్తాడు. తాడు పట్టినవారు గీత లోపల కూర్చుంటారు. వలకు ఒక పాలు, పడవకు ఒక పాలు, గంగమ్మ గుడికి ఒకటి, లాగలేని ముసలివాళ్ళకు ఒకటి తీసి, మిగిలిన చేపలను లోపల కూర్చున్నవారికి సమంగా పంచుతారు. దారిన పోయేవాడు వచ్చి తాడు పట్టినా అతనికి పాలు ఉంటుంది. ఆ గీత లోపలే ఊరి మాటలూ తేలుతాయి: సముద్రం ఒడ్డును కోస్తుంటే గుడి ఎక్కడికి జరపాలి, పడవకు తారు ఎప్పుడు పూయాలి, ఎవరి గొడవ ఎలా తీర్చాలి. గీత బయట నిలబడినవారు వినవచ్చు. మాట్లాడటానికి లేదు. కలెక్టరుగారు వచ్చినా ఇంతేనని పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. కలెక్టరుగారు ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆ మాటకు పరీక్ష ఎదురవలేదు.

ఆ సంవత్సరం నవంబరులో పిల్లలకు మధ్యధరా ప్రాంతపు పాఠం చెప్పాను. ఎండాకాలంలో వాన ఉండదు, చలికాలంలో కురుస్తుంది. ఆలివ్, ద్రాక్ష, నిమ్మ, నారింజ పండుతాయి. బల్లల మీద నుంచి ఒక చెయ్యి లేచింది.

"టీచర్, మరి కొబ్బరండీ?"

"అక్కడ కొబ్బరి పండదు."

"మరి పచ్చట్లోకి ఏం ఏత్తారండీ?"

నేను ఫోనులో కొన్ని వీడియోలు వెతికి చూపించాను. కొండవాలు మీద తెల్ల సున్నం వేసిన ఇళ్ళు, రాళ్ళు పేర్చి మెట్లు మెట్లుగా కట్టిన తోటలు, వందల ఏళ్ళ నాటివని చెప్పే ఆలివ్ చెట్లు. ముక్కున కళ్ళు చిత్రించిన చిన్న పడవలు. పండుగ రోజున చర్చి నుంచి మాత విగ్రహాన్ని పడవ ఎక్కించి సముద్రంలోకి ఊరేగింపుగా తీసుకెళ్ళడం. మా వాళ్ళు గంగమ్మకు పసుపు నీళ్ళు, కొబ్బరికాయ సమర్పించి పడవకు బొట్టు పెట్టడం పిల్లలకు వెంటనే గుర్తొచ్చింది. చివరి వీడియోలో ఒక పల్లెవాళ్ళు ఒడ్డున నిలబడి, రెండు తాళ్ళు పట్టుకుని, వెనక్కి నడుస్తున్నారు. తరగతి తరగతంతా లేచి నిలబడింది.

"టీచర్, అలివండీ! మన అలివే!"

సాయంత్రం ఆ వీడియోను ఇంట్లో అమ్మకూ, అమ్మకు అన్న, వల పెద్ద అయిన మావయ్యకూ చూపించాను. ఎదురింటి పిన్ని కూడా వచ్చి కూర్చుంది. ఆమె మాకు చుట్టం కాదు, కాని చుట్టం కంటే ఎక్కువ అధికారం చేస్తుంది. మావయ్య కళ్ళజోడు తుడుచుకుని, వీడియో మళ్ళీ పెట్టించుకుని చూశాడు.

"మన అలివే కదమ్మా! ఆళ్ళకెవరు చెప్పేరు?"

"సముద్రం చెప్పుంటది," అంది అమ్మ. "ఆళ్ళకీ అదే, మనకీ అదే."

పిన్ని ఫోను దగ్గరకు వంగింది. "ఆ నిక్కర్లేసుకున్నోళ్ళెవరే? వల లాగే మొహాల్లా లేవు."

"వాళ్ళు పట్నం నుంచి వచ్చినవాళ్ళు, పిన్నీ. అక్కడ లాగేవారు తగ్గిపోయారు. అందుకని సెలవు రోజున ఎవరు వచ్చినా తాడు ఇస్తారు. లాగినవాళ్ళు చేపలు తీసుకుంటారు, ఒడ్డునే వండుకుని తింటారు. సరదాగా వస్తారు."

"సరదాగానా!" పిన్ని బుగ్గలు నొక్కుకుంది. "నా నడుంనొప్పి కూడా సరదాగా ఎవరికైనా కావాలేమో అడగవే, ఊరికే ఇచ్చేత్తాను."

అందరం నవ్వాం. మావయ్య కూడా నవ్వి, ఫోను నాకు తిరిగి ఇస్తూ, "లాగేవాళ్ళు దొరికేరన్న మాట ఆళ్ళకి," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఎందుకు అన్నాడో డిసెంబరు మొదటి వారంలో తెలిసింది. మా వలకు కొన్నాళ్ళుగా మనుషులు చాలడం లేదు. కుర్రవాళ్ళు రొయ్యల చెరువుల్లో మేతపనికీ, ఇంజను పడవలకూ, అమలాపురం షాపులకూ పోతున్నారు. వారంలో ఒక్క ఆదివారం తప్ప వల మడత విప్పడం లేదు. అది తెలిసి ఒక చెరువుల యజమాని తరఫు మనిషి వచ్చాడు. పక్షులు రొయ్యలను ఎత్తుకుపోకుండా చెరువుల మీద కప్పడానికి మా వల మొత్తం కావాలని అడిగాడు. వల మావయ్యదే అయినా, దాన్ని అల్లని ఇల్లు, చిరిగినప్పుడు కుట్టని ఇల్లు మా ఊళ్ళో లేదు. అమ్మాలంటే తాడు పట్టినవారంతా ఒప్పుకోవాలి. ఆదివారం వల లాగాక గీతలో అడిగి చెబుతానని మావయ్య అతనికి మాట ఇచ్చాడు.

నా భూగోళమంతా ఆ వలతోనే మొదలైంది. గాలి దిక్కు, పోటు, పాటు, చంద్రుడి కళలు, ఇవన్నీ పుస్తకంలో చదవకముందే సరుగుడు చెట్ల కింద కూర్చుని చూశాను. మెత్తళ్ళు ఎప్పుడు వస్తాయో, కవళ్ళు ఎప్పుడు వస్తాయో అమ్మ చేపల బుట్టను బట్టి తెలిసేది. ఆ వల చెరువు మీద కప్పుగా మారితే ఊరు ఖాళీ అయిపోదు. కాని ఊరంతా ఒక తాడు మీద ఉండే ఘడియ ఇక ఉండదు. నా దగ్గర ఒక ఉపాయం ఉంది. ఆ మధ్యధరా పల్లె చేసినట్టే మనం కూడా సెలవు రోజుల్లో బయటివారిని పిలవవచ్చు. అమలాపురం ఇక్కడికి ఎంత దూరమని!

శుక్రవారం సాయంత్రం మావయ్య అరుగు మీద నలుగురు కూర్చుని ఉండగా వెళ్ళి, పాఠానికి సిద్ధమైనట్టు సిద్ధమై, మొదలుపెట్టాను.

"మావయ్యగారూ, వల విషయంలో నాకొక ఆలోచన ఉందండి..."

"ఆగమ్మా," అంది పిన్ని. "తాడు పట్టేవా నువ్వు?"

"లేదు పిన్నీ, కానీ..."

"మరి వల మాట నీకెందుకే? బళ్ళో పిల్లలు నీ మాట ఇంటారు. ఇక్కడ ఇసకలో చెమటోడ్చినోళ్ళ మాటే."

నేను మావయ్య వైపు చూశాను. ఆయన నన్ను ఎత్తుకుని పెంచినవాడు, నా బి.ఇడి. సీటు వచ్చినప్పుడు ఊరంతా మిఠాయి పంచినవాడు. ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"ఆయ్, మాట నిజమేనమ్మా. మీ అమ్మ నిన్ను తాడు ముట్టనివ్వలేదు. నీ మంచికే చేసింది. కానీ గీత గీతే కదా!"

ఇంటికి వస్తున్నప్పుడు నాకు కోపం రాలేదు. ఆశ్చర్యం కలిగింది. మా అమ్మ నన్ను ఏ కష్టం నుంచి తప్పించాలని అంత ప్రేమగా దూరం పెట్టిందో, అదే కష్టం మా ఊళ్ళో నోరు విప్పడానికి అనుమతి. ఆ సంగతి ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

అందువల్లనే ఆ ఆదివారం ఉదయం నేను పడమటి తాడు దగ్గర, అందరికంటే వెనుక నిలబడ్డాను. పడవ అప్పటికే వల వేసి వచ్చింది. తూర్పున ఎరుపు తేలింది. అలల మీద చలి పొగ కదులుతోంది. పడమటి తాడుకు అమ్మ పెద్ద. ముందు నుంచి మనుషులను చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"నువ్వా? చెయ్యి తియ్యి!"

"తియ్యనమ్మా."

"బడికెళ్ళే చెయ్యే అది!"

"ఈరోజు ఆదివారమమ్మా."

తాడంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు. తరువాత భుజం మీది తువ్వాలును పళ్ళతో పట్టి నిలువునా చించి, నా రెండు చేతులకూ చుట్టి ముడి వేసింది. "చేతుల్తో లాగకు. చిన్న తాడు నడుంకి చుట్టి పెద్ద తాడుకి తగిలించు. ఒంటి బరువు ఇచ్చి వెనక్కి నడు. ఇసక కాలిని తింటది, తిననీ," అని చెప్పి ముందుకు వెళ్ళిపోయింది.

ఐలెస్సా అని కేక లేచింది. తాడు ఒక్కసారి బిగిసి నా నడుమును సముద్రం వైపు గుంజింది. అప్పటివరకూ నేను దూరం నుంచి చూసిన సముద్రం అది కాదు. ఇది ఊపిరి పీలుస్తోంది. తాడు గుండా అది నా ఎముకలకు తెలుస్తోంది. అల వచ్చినప్పుడు తాడు వదులవుతుంది, అల వెనక్కి పోయేటప్పుడు మనల్ని తీసుకుపోతుంది. ఆ రెంటి మధ్య దొరికిన కాస్త చోటులో వెనక్కి అడుగు వేయాలి.

కాసేపటికి సంగతి చెడింది. మా గుంపులో మనుషులు తక్కువ. పాటు మొదలై, నీటి వాటం పడమటికి, వైనతేయ నది సముద్రంలో కలిసే మొగ వైపు తిరిగింది. వల అటు జరగసాగింది. మొగలోకి పోతే వల దక్కదు. తూర్పు తాడు దగ్గర నుంచి మావయ్య చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. అక్కడి నుంచి మనుషులను పంపితే ఆ వైపు తాడు జారిపోతుంది.

సరుగుడు తోట ముందు ఒక వ్యాను ఆగి ఉంది. అమలాపురంలో ఏదో బట్టల కొట్టులో పనిచేసే కుర్రవాళ్ళు, అమ్మాయిలు పిక్నిక్‌కు వచ్చి, వరుసగా నిలబడి మమ్మల్ని ఫోనుల్లో తీస్తున్నారు. అమ్మ తాడు వదలకుండానే వాళ్ళ వైపు తిరిగింది.

"ఓ బాబూ! ఫోన్లు జేబులో ఎట్టి తాడు పట్టండి! సినిమా తర్వాత తీద్దురు గాని! చేపల్లో పాలిత్తాం!"

ఒక అమ్మాయి చెప్పులు విడిచి పరుగెత్తుకొచ్చింది. దాంతో మిగతావాళ్ళు కదిలారు. ఒక యువకుడు మాత్రం నల్లబట్టలతో, మెడలో అయ్యప్ప మాలతో అక్కడే ఆగిపోయాడు.

"నేను దీక్షలో ఉన్నానండీ. చేప ముట్టకూడదండీ."

"చేప ముట్టొద్దు స్వామీ, తాడు ముట్టు!" అంది అమ్మ. "అటు వల పోతంది!"

స్వామి పంచె ఎగగట్టి, నా వెనుక వచ్చి తాడు పట్టాడు. అతని నోటి నుంచి ఐలెస్సాకు బదులు శరణం అయ్యప్ప అని వచ్చింది. ఇంకో రెండు పట్లకు తాడంతా అదే అందుకుంది. తూర్పు తాడువాళ్ళు కూడా అదే అందుకున్నారు. సముద్రానికి ఏ పేరైనా ఒకటే కాబోలు. తాడు కదిలింది. వల మొగ వైపు పోవడం ఆగి, మెల్లగా ఒడ్డు వైపు తిరిగింది.

పడిన చేపలు గొప్పగా ఏమీ లేవు. కొన్ని కవళ్ళు, కొన్ని సావడాయిలు, అడుగున వెండి పొడిలా మెత్తళ్ళు, రెండు చందువలు. మావయ్య తెడ్డు తీసుకుని గీత గీశాడు. బట్టల కొట్టువాళ్ళు బయట నిలబడి చూస్తుంటే పిన్ని గదిమింది.

"లోపలికి రండి! తాడు పట్టేరా లేదా? గీత తొక్కకండి, దాటండి."

నేను కూడా దాటాను. ఆ గీత నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. లోపలి నుంచి చూస్తే ఊరి మొహాలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయని మాత్రం తెలియదు.

పాళ్ళు పంచడం అయ్యాక మావయ్య వల అమ్మే సంగతి చెప్పాడు. ఆయన గొంతు బాగా తగ్గింది. నేను చెయ్యి ఎత్తాను. అలవాటు అది.

"మావయ్యగారూ, మధ్యధరా తీరంలో కూడా ఇదే విధంగా లాగేవారి సంఖ్య తగ్గినప్పుడు, అక్కడి మత్స్యకారులు తమ వారసత్వాన్ని..."

"పాఠం కాదే, మాట చెప్పు," అంది పిన్ని. అయితే ఆపు అనలేదు.

"ఆదివారాలకు మనుషులను నేను తీసుకొస్తాను. వల అమ్మకండి."

"ఎక్కణ్ణుంచి తెత్తావు?"

నేను చుట్టూ చూశాను. జవాబు నా పక్కనే తడిసిన బట్టలతో కూర్చుని ఉంది. పిన్ని కూడా అటే చూసింది. చెప్పులు విడిచి ముందుగా పరుగెత్తుకొచ్చిన అమ్మాయి ఇసుక అంటిన చేతులు విప్పి చూసుకుంటోంది.

"మేం మాట్లాడొచ్చాండీ?" అని అడిగింది.

"లోపల కూకున్నావు కదా," అన్నాడు మావయ్య.

"మళ్ళీ వస్తామండీ. మా అన్నయ్యావాళ్ళని కూడా తీసుకొస్తాను."

అప్పుడు స్వామి గొంతు సవరించుకున్నాడు. "నా పాలు ముసలివాళ్ళకి ఇచ్చేయండి. సంక్రాంతి వెళ్ళాక మాల తీసేస్తానండీ. అప్పుడొచ్చి లాగి, నా పాలు తిని వెళ్తాను. అప్పటిదాకా వల ఉంచండీ."

మావయ్య తెడ్డును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాని అంచు నిమిరాడు. అమ్మాలని ఆయనకు ఎప్పుడూ లేదని, ఆపమని ఎవరైనా అంటే బాగుండునని ఎదురుచూశాడని నాకు అప్పుడు అర్థమైంది.

"భోజనానికొత్తానన్న మనిషి రాకముందే పొయ్యి ఆర్పేత్తామా?" అన్నాడు చివరికి. "ఉగాది దాకా చూద్దాం. మనుషులు దొరికితే వల ఉంటది. లేకపోతే అమ్మేద్దాం. ఏమంటారు?"

"ఆయ్," అన్నారు అందరూ. పిన్ని అందరికంటే ఆఖరున అంది. వెంటనే నావైపు తిరిగి, "మనుషుల్ని తెత్తానన్నావు. తేకపోతే నీ మీద రెండు తాళ్ళూ ఏత్తాను," అంది.

ఇంటికి వెళ్ళాక అమ్మ నా చేతుల గుడ్డలు విప్పింది. అరచేతులు రెండు చోట్ల పగిలి ఉన్నాయి. పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తూ, "రేపు బోర్డు మీద రాయగలవా?" అని అడిగింది. రాయగలనన్నాను. ఆమె నమ్మక, నా చేతికి పెన్సిలు ఇచ్చి గోడ మీద క్యాలెండరు అంచున రాయించుకుని చూసింది. ఆమెకు చదవడం రాదు. అయినా ఆ అక్షరాలను తేరిపార చూసి, గుండ్రంగానే ఉన్నాయని తృప్తిపడింది.

ఆ తరువాత నెలల్లో నేను చేసింది పెద్ద పని కాదు. మా ఉపాధ్యాయులకు చెప్పాను, వారు తమ చుట్టాలకు చెప్పారు. బట్టల కొట్టు అమ్మాయి తీసిన వీడియో ఫోను నుంచి ఫోనుకు పోయింది. కొన్ని ఆదివారాలు యాభై మంది వచ్చి తాడు మీద చోటు చాలలేదు. ఒక ఆదివారం వాన వల్ల ఒక్కరూ రాలేదు, ఆ రోజు పిన్ని నన్ను వదల్లేదు. ఇవాళ కూడా మామూలు రోజుల్లో వల మడత విప్పడానికి మనుషులు చాలరు. సముద్రం ఇసుకను కోస్తూనే ఉంది. గంగమ్మ గుడిని మరోసారి లోపలికి జరపాలని గీతలో మాట నడుస్తోంది. ఆ మాటలో నేను కూడా పాలు పంచుకుంటున్నాను.

ఉగాదికి వల అమ్మలేదు. చెరువుల యజమాని కొత్త వల కొనుక్కున్నాడు. ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు బయటివారితో కలిసి వల లాగుతున్నాం. పడమటి తాడు మీద నా చోటు అమ్మ వెనుక.